‘తిన్నవా?’ అన్నది చాలు, ఇంకో మాట అడగండి

పోయిన వారం అచ్చంపేట నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. వాళ్ళ పెద్ద తోడికోడలికి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల కాన్సర్, అని తేలిందట, మొదటి కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చిందట. "వదినె, నువ్వు అన్నీ దాటొచ్చినదానివి. ఏం పెట్టాలె చెప్పు. కివి పండ్లు తెప్పియ్యాల్నా? బొక్కల సూపు మంచిదంటున్నరు, తైదల జావ మంచిదంటున్నరు, ఏది నమ్మాలె?" అని ఒక్క ఊపిరిలో అడిగింది. "పెట్టేది తర్వాత చూద్దాం గానీ, ఆమె దొడ్డికి పోయి ఎన్ని రోజులైంది?" అన్నాను నేను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "అదెట్ల అడుగుత వదినె, ఆమె నాకంటె పెద్దది" అంది.

కీమో నడుస్తున్న ఇంట్లో ‘తిన్నవా’ అనే మాట పొద్దుటి నుంచి రాత్రి దాకా వినబడుతూనే ఉంటుంది. వచ్చినవాళ్ళు అడుగుతారు, ఫోన్ చేసినవాళ్ళు అడుగుతారు, పాలు పోసే ఆమె కూడా అడుగుతుంది. ‘కడుపు సాఫ్ అయిందా’ అని ఒక్కరూ అడగరు. ఈ లెక్క తిరగబడాలని నేనంటాను. తినడం గురించి అడిగేది సగానికి సగం తగ్గించి, ఆ రెండో ప్రశ్నను రోజూ, సిగ్గుపడకుండా, పేషెంటు మొహం చూసి అడగాలి. ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉందని తెలుసు. అయినా రాస్తున్నాను.

నాకొచ్చింది లింఫోమాలో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ అనే రకం. ఎక్కించింది ఆర్-చాప్ అనే మందుల జట్టు, 21 రోజులకొకసారి. దేవరకొండ నుంచి హైదరాబాదుకు 100 కిలోమీటర్ల పైచిలుకు పోయి ఎక్కించుకుని, అదే రోజు రాత్రికో మర్నాడో ఇంటికి రావడం. అంటే అసలు బాధలన్నీ ఆసుపత్రిలో కాదు, మన ఇంట్లో, మనవాళ్ళ మధ్యే పడతాం. కాబట్టి మనవాళ్ళు ఏం అడుగుతారు, ఏం అడగరు అనేది చిన్న విషయమేమీ కాదు.

వాంతులకున్న పేరు

కీమో అంటే వాంతులు, జుట్టు రాలడం. సినిమాలు మనకింతే నేర్పాయి. మొదటిసారి ఎక్కించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం, చూడ్డానికి వచ్చినవాళ్ళ కళ్ళన్నీ మంచం పక్కన పెట్టిన బకెట్ మీదే ఉన్నాయి. అందులో ఏమీ లేదు. మా వాడకట్టులో ఒక పెద్దాయన మా ఆయన్ని పక్కకు పిలిచి, "మందు మంచిదే ఎక్కిచ్చిన్రా? వాంతులు గిట్ల ఐతలేవు మరి?" అన్నాడు. బాధ పెట్టకపోతే మందు పట్టలేదని ఆయన లెక్క. ఆ రెండింటికీ సంబంధం లేదు. వాంతి కాకపోవడానికి కారణం, వాంతికి వేరే మందులు ఇవ్వడమే. ఆర్-చాప్‌లో డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ రెండూ ఉంటాయి. ఆ జంట వాంతులు తెప్పించడంలో పేరుమోసింది. అందుకే ఎర్రమందు (డాక్సోరూబిసిన్‌ను అలా అంటారు) ఎక్కించకముందే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి ఇంజెక్షను చేస్తారు, అప్రెపిటెంట్ క్యాప్సూల్ మింగిస్తారు. ఇవి బాగానే పనిచేస్తాయి. ఇవి లేని రోజుల్లో ఈ జబ్బు పడ్డవాళ్ళను తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వాంతి ఆగినా వికారం మిగులుతుంది. అది మొదటి రోజు కంటే రెండో రోజు, మూడో రోజు ఎక్కువ. ఆ వికారానికి మా డాక్టరు రాత్రిపూట వేసుకోమని ఒలాంజపిన్ రాశారు. మా ఆయన మెడికల్ షాపుకు పోతే, అక్కడి పిల్లవాడు చీటీ చూసి, "సార్, ఇది మెంటల్ గోళీ. ఎవరికి?" అన్నాడట. మా ఆయన తెచ్చిన గోళీలను బీరువాలో దాచి, నాకు చెప్పకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి మళ్ళీ మళ్ళీ అడిగాడు. నిజానికి ఆ పిల్లవాడు చెప్పింది అబద్ధం కాదు, అది మానసిక వ్యాధులకు వచ్చిన మందే. కానీ మామూలు వాంతి మందులకు దాన్ని కలిపితే వికారం బాగా తగ్గుతుందని 380 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి, 10 మిల్లీగ్రాముల బదులు 2.5 మిల్లీగ్రాములిచ్చినా అంతే పనిచేస్తుందనీ, పగటి మత్తు తగ్గుతుందనీ 2024లో చూపించారు. వాళ్ళు చూసింది లింఫోమా వాళ్ళను కాదు, వేరే కాన్సర్ల వాళ్ళను. ఏమైనా, ఇలాంటి మందు రాసినప్పుడు ‘దీన్ని చూసి భయపడకండి, ఇందుకు రాశాను’ అని డాక్టరు ఒక్క మాట చెబితే చాలు, ఇంట్లో సగం రభస తప్పుతుంది.

ఇంకో రకం వికారం ఉంది, దానికి మందు ఎక్కించే పని కూడా లేదు. బస్సు మాల్ దాటి, యాచారం దాటి, ఇబ్రహీంపట్నం చేరుతుందనగానే నా నోట్లో నీళ్ళూరేవి. ఆసుపత్రి గేటు దగ్గర ఫినాయిల్ వాసన తగిలితే చాలు. శరీరం ముందే గుర్తుపట్టేస్తుంది. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. ముందురోజు రాత్రి నుంచే గోళీ మొదలుపెడితే కొంత నయం. మొదటిసారే వాంతులు బాగా అదుపు చేస్తే ఈ రకం వికారం అసలు మొదలవ్వకపోవచ్చు కూడా.

ఇంట్లో మటుకు నాకు శత్రువు పోపు. ఇరవై ఏండ్లకు పైగా నేనే పెట్టిన పోపు. ఎండుమిరపకాయ నూనెలో పడ్డ వాసనకు నా వంటింట్లోకి నేనే పోలేకపోయాను. ఉడుకుడుకు కూరలకు వాసన ఎక్కువ. చల్లారిన మెత్తటి అన్నంలో సల్ల పోసుకుని ఇంత ఉప్పేసుకుంటే ముక్కుకు ఏమీ తగలకుండా దిగిపోయేది. నా మటుకు నాకు ఏ సూపు కంటే అదే మేలు చేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వాంతికి ఇంత ఏర్పాటు ఉంది. మందులున్నాయి, పరీక్షలున్నాయి, ఫైలులో గడి ఉంది, వాడకట్టు ఆత్రం ఉంది.

బిళ్ళగన్నేరు పని

నేను జిల్లా పరిషత్ హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతి విసర్జన పాఠంలో ఆల్కలాయిడ్ల పట్టిక వస్తుంది, క్వినైన్, నికోటిన్, మార్ఫిన్ అంటూ. ఆ పట్టిక చెప్పేటప్పుడు బడి ఆవరణలో బిళ్ళగన్నేరు చెట్టు చూపించి, దీంట్లోంచి కూడా కాన్సర్ మందు తీస్తారు అని పిల్లలకు చెప్పేదాన్ని. అది నా ఒంట్లోకే వస్తుందని అప్పుడు తెలియదు కదా. ఆర్-చాప్‌లోని విన్‌క్రిస్టిన్ ఆ చెట్టుదే. షుగరుకు ఆ ఆకు వాడతారని విని, కెనడాలో 1950లలో దాన్ని పరీక్షించబోయారు. షుగరు మాటేమో గానీ తెల్లరక్తకణాలు పడిపోవడం కనిపించింది. అలా ముందు విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ దొరికాయి. విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది. (ఇది చదివి ఎవరూ ఆ ఆకు నూరుకుని తాగొద్దు. చెట్టులో ఎంత ఉందో, ఏముందో కొలిచి తాగలేం. మా ఊళ్ళో షుగరుకు ఇప్పటికీ తాగేవాళ్ళున్నారు, అది వేరే గొడవ.)

కణం రెండుగా చీలేటప్పుడు కండె తంతువులు ఏర్పడతాయని పిల్లలకు చెబుతాం. విన్‌క్రిస్టిన్ ఆ తంతువుల మూలపదార్థాన్నే పట్టుకుంటుంది, కండె కట్టనివ్వదు. కాన్సర్ కణం చీలలేక చస్తుంది. చిక్కేమిటంటే, అదే పదార్థంతో చేసిన సన్నటి గొట్టాలు నరాల్లోనూ ఉంటాయి, నరం పొడవునా సరుకు మోసే దారులవి. అవీ దెబ్బతింటాయి. వేళ్ళు తిమ్మిరెక్కేది అందుకే. పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నరకణాలున్నాయి. అన్నాన్ని అలలు అలలుగా ముందుకు నెట్టే పని వాటిదే. అవి మందగిస్తే పేగు నిలబడిపోతుంది. అందుకే మనిషి ఎంత పెద్దదైనా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తారు. దానికి తోడు, వాంతులాపే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా పేగును నెమ్మదింపజేస్తుంది. అంటే ఒక బాధకిచ్చిన మందు ఇంకో బాధను పెంచుతుంది. ఆపైన తిండి తక్కువ, నీళ్ళు తక్కువ, పొద్దంతా పడుకోవడం. ఇన్ని కారణాలు ఒక్కచోట చేరితే మలబద్ధకం రాకపోతేనే ఆశ్చర్యం. విన్‌క్రిస్టిన్ పొందే ప్రతి ఒక్కరికీ మొదటి నుంచీ విరేచనానికి మందు ఇవ్వాలని ఆ మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది.

నాకు మొదటి సైకిల్‌లో, అంటే మొదటి విడత కీమోలో, అది ఇవ్వలేదు. ఆసుపత్రి పేరు చెప్పను, ఎందుకంటే ఏ ఆసుపత్రిలోనైనా ఇలా జరగవచ్చు. రౌండ్లకు వచ్చిన డాక్టరు "వాంతులున్నాయా? జ్వరముందా? తింటున్నారా?" అన్నాడు. లేవు, లేదు, తింటున్నాను. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, ఇంటికి పంపించారు. ఇంట్లో నా అంతట నేనెవరితోనూ అనలేదు. మొదట్లో అంత పట్టించుకోలేదు, తిన్నది తక్కువే కదా అనుకున్నాను. తర్వాత కడుపు బిగిసింది. వారం దగ్గరికొచ్చేసరికి గాలి కూడా పోవడం లేదు. ఆ రాత్రే మొదటిసారి వాంతి అయింది. మా ఆయన కారు మాట్లాడి హైదరాబాదు తీసుకుపోయాడు. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే పేగుల నిండా గాలి. నోటితో ఏమీ తీసుకోవద్దన్నారు, సెలైన్లు పెట్టారు, రక్తంలో పొటాషియం తగ్గిందని అదీ ఎక్కించారు. ఆపరేషన్ దాకా పోలేదు. కొందరికి పోతుంది.

తర్వాతి సైకిల్‌కు విన్‌క్రిస్టిన్ మోతాదు తగ్గించారు. కీమో రోజు రాత్రి నుంచే లాక్టులోజ్ సిరప్, అవసరమైతే బిసాకొడిల్ గోళీ. మళ్ళీ ఆ తిప్పలు రాలేదు. అంత సులువుగా ఆగేదాని కోసం నేను అంత దూరం రాత్రిపూట పోవాల్సి వచ్చింది.

ఆముదం, ఇసబ్‌గోల్, ఈతకల్లు

ఈ మొత్తంలో సరైన ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరే. మా అత్తమ్మ. చదువుకోలేదు. కారు ఎక్కే ముందురోజు నా దగ్గర కూచుని, "దొడ్డికి పోయినవా బిడ్డా?" అంది. లేదంటే లేచి పోయి, అటక మీది సీసా దించింది. ఇంట్లో వండిన ఆముదం. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఒకప్పుడు ఆముదపు చేన్లే. ఇప్పుడంతా పత్తి. ఆముదం మా అత్తమ్మ తరానికి నూనె, దీపం, మందు, అన్నీ. చంటిపిల్లలకూ బాలింతలకూ కడుపు సాఫ్ చేయించిన చేయి అది.

నేను ఆసుపత్రి సిస్టర్‌కు ఫోన్ చేసి అడిగాను. వద్దంటే వద్దు అంది. కదలని పేగును ఆముదంతో కొట్టి లేపబోతే నొప్పి మెలిపెడుతుంది, ఎక్కడైనా పూర్తిగా మూసుకుపోయి ఉంటే ప్రమాదం. అత్తమ్మ మందు తప్పు. కానీ అడిగిన మాట? ఎంబీబీఎస్, ఎండీ చదివినవాళ్ళు అడగని మాట అది. మన సంస్కృతిలో ఇలాంటివి మాట్లాడరు, సిగ్గు, అని చాలామంది అంటారు. నాకు ఆ మాట మీద అనుమానం. చంటిపిల్ల దొడ్డికి పోయిందా లేదా, ఏ రంగులో పోయింది అనేది నిన్నమొన్నటిదాకా ఇంటిల్లిపాదీ చర్చించిన సంగతే. సిగ్గు మన తాతముత్తాతలది కాదేమో. అటాచ్డ్ బాత్రూము, టైల్సు, తలుపు గడియలతో పాటు మన తరానికి కొత్తగా వచ్చిందేమో.

ఇసబ్‌గోల్ అని ఇంకొందరు చెబుతారు, చదువుకున్నవాళ్ళు. జొన్నరొట్టె తిను, పీచు పదార్థం, అదే సాఫ్ చేస్తది అంటారు. మామూలు మనిషికి ఇది మంచి సలహా. పేగు నరాలు మందగించిన మనిషికి, అందులోనూ నీళ్ళు సరిగ్గా దిగని మనిషికి, ఇసబ్‌గోల్ లోపల ఉబ్బి ముద్దయి కూచుంటుంది. జొన్నరొట్టె నాకు ప్రాణం, అయినా మొదటి వారం పక్కన పెట్టి మూడో వారంలో తిన్నాను. మలద్వారంలో పెట్టే సపోజిటరీ, ఎనిమా మాత్రం ఇంట్లో ఎవరూ సొంతంగా పెట్టకూడదు. తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నప్పుడు అక్కడ చిన్న గీత పడ్డా సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోతాయి.

వార్డులో మా పక్క మంచం ఆమె నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చింది. ఆమెకు కడుపు నాకంటే ఘోరంగా బిగిసింది. డాక్టర్లు తవ్వితే తేలిందేమిటంటే, తొడల్లో తామరకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఇట్రాకొనజోల్ వేసుకుంటోంది. అది కాలేయంలో విన్‌క్రిస్టిన్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. ఎక్కించింది మామూలు మోతాదే అయినా, ఒంటికి రెట్టింపు ఎక్కించినంత పని. తామర కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతే కదా.

ఈతకల్లు సంగతి మా బావది. "పొద్దటి కల్లు సలువ, ఒక గిలాస తాగుమను, పేగులన్ని మెత్తవడ్తయి" అని ప్రేమతో లొట్టి పట్టుకునే వచ్చాడు. చెట్టు దిగిన క్షణం నుంచీ పులిసే ద్రవం అది, ఈస్టు, బాక్టీరియా అందులో ఈదుతుంటాయి. తెల్లకణాలు అడుగంటిన వారంలో దాన్ని తాగడం ఏమిటి? లొట్టిని మా ఆయన, బావ కలిసి ఖాళీ చేశారు. అదేమీ వృథా పోలేదు.

అలాగని అన్నిటికీ ‘వద్దు’ అనే పక్షం కూడా నాకు నచ్చదు. పండు వద్దు, పెరుగు వద్దు, పచ్చిది ఏదీ వద్దు అని కొందరు పేషెంటుకు ఉడకబెట్టిన గడ్డి పెట్టినట్టు పెడతారు. కణాలు తక్కువున్నవాళ్ళకు పచ్చివన్నీ నిషేధించి పెట్టిన తిండి వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలలేదు. శుభ్రంగా కడిగి, తొక్క తీసి, ఇంట్లో కోసిన పండు వేరు, బస్టాండులో కోసి పెట్టిన బొప్పాయి ముక్కలు వేరు. చేతులు కడుక్కోవడం, వండినది వెంటనే తినడం, నీళ్ళు కాచి తాగడం, అసలు జాగ్రత్త ఇక్కడ ఉంది. పెరుగు విషయం మీ డాక్టర్ని అడగండి. మా డాక్టరు కాచిన పాలతో ఇంట్లో తోడేసింది తినమన్నారు, అదే తిన్నాను.

తినిపించేవాళ్ళ పక్షాన

ఇక్కడిదాకా చదివి, తినమనడం అంత నేరమా అని మీకనిపిస్తే, ఆ అనుమానం నాకూ ఉంది. బరువు తగ్గడం నిజంగా ప్రమాదమే. బాగా చిక్కిపోయినవాళ్ళు కీమోను తట్టుకోలేరు, సైకిళ్ళు వాయిదా పడతాయి. పప్పు, గుడ్డు, పాలు ఒంట్లోకి పోవాలి. నోట్లో పుండ్లు పడ్డ వారంలో నేను నీళ్ళు మింగడానికి కూడా ఏడ్చాను. మన తెలంగాణ వంటలో కారం, పులుపు తీసేస్తే మిగిలేదేమిటి? పచ్చిపులుసు తగిలితే నోరు మండిపోయేది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించి, పెసరపప్పు కట్టు, మెత్తగా చేసిన అన్నం, అరటిపండు తింటూ బతికాను. ఆ వారం ఎవరో ఒకరు పక్కన కూచుని ‘ఇంకొక్క బుక్క’ అనకపోతే నేను ఆ మాత్రమూ తినేదాన్ని కాదు. కాబట్టి తినిపించేవాళ్ళను తక్కువ చేయను.

వాళ్ళ కోణం నుంచీ చూశాను. రక్తంలో ఏం జరుగుతుందో మా అత్తమ్మకు కనపడదు. స్కాన్ రిపోర్టు ఆమెకు అర్థం కాదు. పళ్ళెం ఖాళీ అయిందా లేదా అనేది ఒక్కటే కంటికి కనిపించే లెక్క. దాన్ని ఆమె పట్టుకుంది. ఊరి నుంచి వచ్చే బంధువులూ అంతే. డబ్బు ఇవ్వలేరు, జబ్బు పంచుకోలేరు. నాటుకోడి పట్టుకొస్తారు.

అయితే ఆ లెక్క మోసం చేస్తుంది. ఆర్-చాప్‌లో మొదటి 5 రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది, చాలామందికి రోజుకు 100 మిల్లీగ్రాముల దాకా. ఆ రోజుల్లో నాకు విపరీతమైన ఆకలి, రాత్రి నిద్ర లేదు, అర్ధరాత్రి లేచి డబ్బాలో సకినాలు తినేదాన్ని. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోయేవి. ఆ గోళీలు ఆగిన మర్నాడు ఒళ్ళు కూలబడిపోయేది, అన్నం చూస్తే అసహ్యం. "మొన్నటిదాక మంచిగ తిన్నవు గదనే, ఇప్పుడేమైంది?" అని నన్నే తప్పుపట్టినట్టు చూసేవాళ్ళు. వాళ్ళు మురిసిపోయిన ఆ 5 రోజుల్లోనే లోపల పేగు మెల్లగా ఆగిపోతోంది. పైనుంచి నేను తింటూ ఉన్నాను, కింది నుంచి ఏమీ పోవడం లేదు. ‘తిన్నవా’ అనే ప్రశ్నకు జవాబు ‘బాగా తిన్న’. ఆ జవాబు ఎంత నిజమో అంత పనికిరానిది.

అందరికీ మలబద్ధకమే రాదు, ఇదీ చెప్పాలి. కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. లింఫోమాలోనే హాడ్జ్‌కిన్ అనే ఇంకో రకానికి మామూలుగా ఇచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ బదులు దాని చెల్లెలు విన్‌బ్లాస్టిన్ ఉంటుంది, అది నరాల మీద కాస్త కనికరం చూపిస్తుంది. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపి తాగుతూ ఫోన్ చేయాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ గోళీ ఇంట్లో ఉంది కదా అని వేసేసుకోకూడదు, ముందు అది ఇన్‌ఫెక్షన్ కాదని తేలాలి. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు అట్టడుగుకు చేరే సమయం. అప్పుడు కడుపునొప్పితో పాటు జ్వరం 100.4 డిగ్రీలు చేరితే తెల్లారేదాకా ఆగడానికి లేదు. దేవరకొండ అయినా, కొల్లాపూర్ అయినా, ఆ అర్ధరాత్రే బయలుదేరాలి. రెండువైపులా దారి ఒక్కటే. రోజూ అడుగుతూ ఉంటేనే ఏ వైపు తిరిగిందో తెలుస్తుంది.

బాత్రూము ఎక్కడ?

ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. కీమో రోజు పొద్దున నాలుగింటికి లేచి, బస్సెక్కి, ఆసుపత్రిలో వరుసలో కూచుని, మందు ఎక్కించుకుని, మళ్ళీ బస్సెక్కేదాకా ఒక ఆడమనిషి ఎన్నిసార్లు బాత్రూముకు పోగలదు? దారిలో ఆగే హోటళ్ళ వెనక ఉండేవాటి గురించి చెప్పక్కరలేదు. దినమంతా వార్డులో సెలైన్ ఎక్కుతుంది, స్టాండు తోసుకుంటూ పోతే తలుపుకు గడియ ఉండదు. నేల మీది రకం అయితే కూచుని లేవడానికి కాళ్ళలో బలం ఉండదు, పాదాలు తిమ్మిరి. అందుకని నీళ్ళు తాగడమే మానేస్తారు. నాతో ఎక్కించుకున్న ఆడవాళ్ళు దాదాపు అందరూ అలానే చేశారు. నీళ్ళు మానితే మలం గట్టిపడుతుంది. సైక్లోఫాస్ఫమైడ్‌కు నీళ్ళు బాగా తాగాలి కూడా, లేకపోతే మూత్రాశయం మంటెక్కుతుంది. పోషకాహార సలహాలిచ్చే వీడియోలు లెక్కలేనన్ని చూశాను, ఒక్కదాంట్లోనూ ఈ సంగతి లేదు. మా ఆయన రెండో సైకిల్‌కు ముందు చేసిన పెద్ద ఖర్చు, ఇంట్లో కమోడ్ పెట్టించి గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం. పండ్ల బుట్టలన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ కాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు, మొదటి ఏడాదే 200. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎక్కించుకునే వీలుంటే ఈ ప్రయాణపు బాధ సగం తీరుతుంది. మందులూ మంచాలూ ఎలాగూ లెక్కేస్తారు. బాత్రూములు లెక్కేస్తారో లేదో మరి.

కాలెండరు మీద చుక్క

అడగడమంటే ఎలా అడగాలి? పదిమంది ముందు కాదు. మా ఇంట్లో వంటింటి గోడకు ఉన్న కాలెండరు మీద గ్యాస్ బండ పెట్టిన తేదీ, పాల లెక్క రాసుకుంటాం. అదే కాలెండరులో తేదీ పక్కన నేను ఒక చుక్క పెట్టేదాన్ని, దొడ్డికి పోయిన రోజు. మా ఆయనకు తెలుసు, నా బిడ్డకు తెలుసు. వరుసగా రెండు రోజులు చుక్క లేకపోతే సిరప్ మోతాదు పెంచడం, మూడో రోజూ లేకపోతే ఆసుపత్రికి ఫోన్. ఇది మా డాక్టరు చెప్పిన పద్ధతి, మీ డాక్టరు వేరేలా చెప్పవచ్చు. కడుపు ఉబ్బి, గాలి కూడా పోక, వాంతి మొదలైతే చుక్కల లెక్క చూస్తూ కూచోవద్దు. మా ఆయనకు మొదట్లో ఆ మాట నోటికి రాలేదు. కాలెండరు వైపు చూసి నా వైపు చూసేవాడు. అంత చాలు.

పోయినసారి చెకప్‌కు పోయినప్పుడు మా డాక్టరుతో ఈ సంగతే మాట్లాడాను. డిశ్చార్జి కాగితంలో తెలుగులో ఒక వరుస చేర్చండి, ఇన్ని రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయండని, అన్నాను. ఆయన మంచివాడే, విసుక్కోలేదు. "అన్నీ రాస్తే ఎవరూ చదవరమ్మా. ఇప్పటికే రెండు పేజీలుంది, చోటు లేదు" అన్నాడు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. ఆ కాగితం ఇంటికి పోయాక ప్లాస్టిక్ కవరులోనే ఉండిపోతుందని నాకూ తెలుసు. అప్పుడు నా ఫైలు తీసి, మొదటి సైకిల్ కాగితంలో చివరి వరుస చూపించాను. ‘పౌష్టికాహారం తీసుకొనవలెను’ అని ఉంది. అది తీసేస్తే చోటు దొరుకుతుంది కదా సార్ అన్నాను.